తాళం పడిన ఇంట్లో ఈస్టర్

మన ఊళ్లలో ఈస్టర్ తెల్లవారకముందే మొదలవుతుంది. చాలాచోట్ల ముందురోజే సమాధులకు సున్నాలు వేస్తారు. చీకటి విడకుండానే పూలదండలు, కొవ్వొత్తులతో సమాధుల తోటకు చేరతారు. అమ్మమ్మ సమాధి మీద గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తిని పిల్లలు మళ్లీ మళ్లీ వెలిగిస్తుంటే, ఆ పక్కనే సూర్యోదయ ఆరాధన మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 12న అదేమీ లేదు. కరోనా లాక్‌డౌన్‌కు అప్పటికింకా మూడు వారాలు నిండలేదు. ఫోనుకు ఎదురుగా నిలబడి పాస్టర్లు ఖాళీ బెంచీలకు ప్రసంగించారు. రొట్టె, ద్రాక్షరసం ఇంట్లోనే సిద్ధం చేసుకుని తెర ముందు ప్రభు భోజనం తీసుకోవచ్చా? కొన్ని సంఘాలు సరేనన్నాయి, కొన్ని ఆగమన్నాయి. ఆగిన వాళ్ల ఆకలి కూడా భక్తే.

అంతకు ముందు, మార్చి 27 సాయంత్రం, వానలో తడుస్తున్న సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో పోప్ ఫ్రాన్సిస్ జనం లేకుండానే ప్రార్థన చేశారు. 1522 ప్లేగు నాడు రోమ్ వీధుల్లో ఊరేగించిన కొయ్య సిలువను అక్కడికి తెప్పించారు. ధ్యానానికి ఆయన ఎంచుకున్నది తుపానులో చిక్కిన పడవ కథ, అందులో ప్రాణభయంతో కేకలేసిన శిష్యుల కథ.

అసలు మొదటి ఈస్టర్ సాయంత్రం కూడా అలాంటిదే. యోహాను సువార్త 20వ అధ్యాయం తీస్తే, శిష్యులు తలుపులు బిగించుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటారు. సమాధి ఖాళీ అయిందని పొద్దుటే విన్నారు. అయినా గడియ తీయలేదు. యేసు వాళ్ల మధ్యకే వచ్చి నిలబడ్డాడు. నన్ను వదిలేసి పారిపోయారేమని అడగలేదు, ముందు శాంతి పలికాడు. ఎనిమిది రోజుల తర్వాత, సందేహించిన శిష్యుడు తోమా కోసం మళ్లీ వచ్చినప్పుడూ ఆ తలుపులు మూసే ఉన్నాయి! కళ్లారా చూసినవాళ్లకే భయం వారంలో వదల్లేదు. విశ్వాసి అయ్యుండి భయమేమిటని లాక్‌డౌన్ రోజుల్లో పక్కవారిని గద్దించినవాళ్లు ఈ అధ్యాయాన్ని తొందరగా చదివి ఉంటారు.

ఇంకో సంగతి. లేచినవాడి చేతుల్లో మేకుల గుర్తులు పోలేదు, ప్రక్కలో గాయమూ పోలేదు. అంత్యక్రియలకు ఇరవై మందిని మించనివ్వని ఆ రోజుల్లో తండ్రిని కడసారి చూడలేకపోయిన కూతురితో అంతా మంచికేనని చెప్పే హక్కు ఎవరికీ లేదు. పునరుత్థానం కూడా గాయాన్ని చెరిపేయలేదు మరి.

ఇప్పుడు గేట్లు తెరుచుకున్నాయి, సమాధుల తోటల్లో మళ్లీ సందడి. కానీ మంచం దిగలేని పెద్దవాళ్లకు, ఆస్పత్రి వార్డులో ఉన్నవాళ్లకు ఆ లాక్‌డౌన్ ఇంకా ఎత్తేయలేదు. అలాంటి ఇళ్లకు రొట్టె, ద్రాక్షరసం తీసుకెళ్లి ప్రభు భోజనం ఇచ్చి రావడం మన పాస్టర్లకు పాత అలవాటే. ఈ ఈస్టర్ ఆరాధన అయ్యాక వాళ్ల వెంట మరో ఇద్దరు ముగ్గురు వెళ్లి, కాసేపు కూర్చుని రావచ్చు.