తాత పడవ అమ్మొద్దు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక మీటింగ్ జరిగింది. అజెండా ఒక్కటే. తాత పడవ అమ్మేయాలా, వద్దా? పెదనాన్న, నాన్న, అత్త ముగ్గురూ అమ్మేయమన్నారు. ఇంజినీరింగ్ చదువుతున్నవాణ్ణి కదా అని నన్నూ అడిగారు. ఇంటికి పెద్దమనిషినైపోయినట్టు గొంతు సవరించుకుని నేనూ అమ్మేయమనే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం.

మాది ముత్తుకూరు. తాతకి 68 ఏళ్లు. కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసేచోటికి కాస్త లోపలగా, ఉప్పుటేటి గట్టు మీద ఆయన పడవ ఉంటుంది. పడవ అనగానే సినిమాల్లో హీరో డ్యాన్స్ చేసే తెల్ల యాచ్‌ని ఊహించుకోకండి. 14 అడుగుల ఫైబర్ పడవ, ఒక వెదురు గెడ, దానికి కుట్టిన తెరచాప, ఒక చుక్కాని, రెండు తెడ్లు. అంతే. 2004 సునామీ తర్వాత తీరమంతా ఫైబర్ పడవలు పెరిగిన రోజుల్లో కొన్నాడు. మొదట్లో మోటారు కూడా ఉండేది. మోయలేక అమ్మేశాడు.

ఇంట్లోవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మన రాష్ట్రంలో మత్స్యకారులకి 50 ఏళ్లు నిండితే పెన్షన్ ఇస్తారు. 2024 జులై నుంచి అది నెలకు 4,000 అయింది. కొడుకులు ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. తిండికి లోటు లేదు. ఏడాదిగా పడవ నీళ్లలోకి దిగిందే లేదు. మరి ఎందుకు ఉంచుకోవడం?

తాత మాత్రం ఎదురు చెప్పలేదు. "అమ్మితే అమ్మండి. ఎండాకాలంలో ఒకసారి అడుగు బాగుచేసి ఇస్తా. చిల్లి పడవ అంటగట్టినాడని రేపు ఎవురూ అనుకోకూడదు కదా" అన్నాడు.

అలా మే నెలలో, సెమిస్టర్ పరీక్షలు అవగానే, నేను ఆయనకి హెల్పర్‌నయ్యాను. పడవని ట్రాక్టర్ ట్రాలీలో ఇంటికి తెచ్చి, వేపచెట్టు కింద బోర్లా పడుకోబెట్టాం.

నేను మెటీరియల్ సైన్స్ చదివినవాణ్ణి. రెసిన్ డబ్బా మీద రాసినట్టు హార్డెనర్ 2 శాతం కొలిచి మరీ కలిపాను, అదీ మధ్యాహ్నం పన్నెండింటికి. ఫైబర్ మ్యాట్ చేతిలోకి తీసుకునేలోపే మగ్గులో రెసిన్ గడ్డకట్టి పొగలు కక్కింది. తాత నవ్వలేదు. "ఎండెక్కినాక ఈ పని చేస్తారంట్రా? తెల్లారుజామున చేద్దాం. మందు సగానికి తగ్గించు" అన్నాడు. హార్డెనర్ కలిస్తే రెసిన్‌లో వేడి పుడుతుందని, బయటి వేడి ఎంత ఎక్కువైతే ఆ చర్య అంత జోరందుకుంటుందని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మే నెల ఎండలో దానికేం చేయాలో తెలిసింది ఆయనకే.

రెండు రోజులపాటు ఆయన చేత్తో చేయించిన పనుల్లో ఒక్కటీ వృథా కాదు. ముందు మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడగాలి. పూర్తిగా ఆరాలి. తేమ ఉంటే అతుకు పట్టదు. చిల్లి చుట్టూ అంచుని ఏటవాలుగా, వెడల్పుగా అరగదీయాలి. మ్యాట్ పొరల మధ్య గాలిబుడగ మిగలకూడదు. దుమ్ముకి ఒళ్లంతా దురద పెడుతుంది కాబట్టి చొక్కా చేతులు మడవకూడదు. ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి గానీ, వేలితో తట్టి చప్పుడుని బట్టి లోపల బోలు ఎక్కడుందో చెప్పేస్తున్నాడు.

ఇంత తెలిసిన మనిషి ఏడాదిగా ఎందుకు ఆపేశాడు? చివరికి అడిగాను.

సమాధానం వింటే నాకు సిగ్గేసింది. పడవ నడపడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు. గాలిని బట్టి తెరచాప తిప్పడానికి బలం కంటే తెలివిడి ఎక్కువ కావాలి. కష్టమైనవి రెండే. తిరిగొచ్చాక పడవని గట్టు మీదికి లాగడం, తెరచాప గెడని ఒక్కడే ఎత్తి నిలబెట్టడం. మునుపు పిలిస్తే నలుగురు కుర్రాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లంతా పోర్టు పనుల్లోనో, నెల్లూరులోనో ఉన్నారు. రోజూ ఒకర్ని బతిమాలడం ఇష్టం లేక మానేశాడు.

అంటే మనం "తాతకి వయసైపోయింది" అని తీర్పు చెప్పిన కేసులో అసలు సమస్య ఒక లోడ్ క్యాలిక్యులేషన్!

కాగితం తీసి లెక్క వేశాను. పడవ 200 కిలోలు అనుకుందాం. గట్టు పదికి ఒకటి వాలు. ఇసుకతో రాపిడి గుణకం 0.4. లాగడానికి రాపిడికి 80, వాలుకి 20, మొత్తం సుమారు 100 కిలోల బలం కావాలి. 68 ఏళ్ల మనిషికి అది అసాధ్యం. గట్టు మీద గుంజ పాతి, నాలుగు రెట్ల లాభం ఇచ్చేలా కప్పీలు, మోకు కడితే 25 కిలోలు. కప్పీల రాపిడి కలిపినా 30. ఒక మీటరు లాగాలంటే నాలుగు మీటర్ల మోకు లాగాలి నిజమే, కానీ తాతకి తొందరేముంది?

తర్వాత వెల్డింగ్ షాపులో రెండు చక్రాల ట్రాలీ చేయించాం. ఉప్పునీళ్లు తగిలితే బాల్ బేరింగులు త్వరగా తుప్పుపడతాయి కాబట్టి వాటి బదులు ప్లాస్టిక్ పైపు ముక్కల్నే బుష్‌లుగా పెట్టాం. ఇసుకలో కూరుకుపోకుండా వెడల్పు టైర్లు వేసి, గాలి తగ్గించాం. గెడ మొదట్లో ఒక పిన్ను పెట్టి, తలుపులా మడిచి లేపేలా మార్చాం. గట్టున అంతా బిగించాక తాత ఒక సవరణ చెప్పాడు. "పోటు నిండుగా ఉన్నప్పుడు వస్తే సగం గట్టు నీళ్లే ఎక్కిస్తాయి." నా లెక్కలో లేని టర్మ్ అది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టి, ఇసుక తీరంలో దింపి, లాగడానికి వీలయ్యే పడవల్ని మన తూర్పు తీరం కోసం డిజైన్ చేసింది. 1963లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ అనే తెరచాప పడవని ప్లైవుడ్‌తో ఇంట్లోనే కట్టుకోవచ్చు. పొడవు 11 అడుగుల లోపే. ఖాళీ పడవ 45 కిలోల చిల్లర. మన హుస్సేన్‌సాగర్‌లో కూడా తిరిగే లేజర్ పడవకైతే ప్రపంచ మాస్టర్స్ పోటీలున్నాయి. వాటిలో 65 దాటినవాళ్లకి, 75 దాటినవాళ్లకి విడివిడి విభాగాలు! అక్కడ రిటైరయ్యాక పడవ కొంటారు, ట్రాలీ మీద పెట్టి కారు వెనక కట్టుకుని పోతారు. పుట్టినప్పటి నుంచీ నీళ్లమీదే బతికిన మనవాళ్లని మాత్రం రిటైరయ్యాక పడవ అమ్మేయమంటాం. ఎందుకంటే మన దృష్టిలో పడవ అంటే సంపాదన. సంపాదన అక్కర్లేకపోతే పడవా అక్కర్లేదు. దానిమీద ఇష్టం కూడా ఉండొచ్చని మనకి తోచదు.

అత్త అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "ఏమన్నా అయితే?" అందుకే నియమాలు పెట్టుకున్నాం. సముద్రంలోకి పోకూడదు, ఉప్పుటేటి లోపలే. పోర్టు ఓడలు తిరిగే వైపుకి పోకూడదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి (మొదట్లో "నాకెందుకురా అది" అని గొణిగాడు). ఫోన్ ప్లాస్టిక్ కవర్లో మెడకి వేలాడాలి. మబ్బు పడితే, గాలి పెరిగితే పడవ దిగదు. ఒక్కడే పోకూడదు. గతుకుల రోడ్డు మీద రోజూ బైక్ తోలే మనకంటే ఆయన జాగ్రత్తగానే ఉన్నాడని నా లెక్క.

ఇంకో మాట కూడా చెప్పాలి. గతిలేక 68లో వేటకి పోవాల్సి వచ్చే తాతలు మన తీరంలో ఉన్నారు. నేను వాళ్ల కష్టాన్ని మెచ్చుకోమనడం లేదు. వాళ్లకి కావాల్సింది విశ్రాంతి. ఇష్టం ఉన్నవాడికి కావాల్సింది కప్పీ. ఎవరికి ఏది కావాలో తెలియాలంటే ముందు వాళ్లని అడగాలి. మేం మీటింగ్ పెట్టుకున్నాం గానీ అడగలేదు.

ఇక మన సంగతి. ప్రతి ఏడాదీ మినీ ప్రాజెక్ట్ అంటే అదే గీత మీద నడిచే రోబో, అదే గ్యాస్ లీకేజీ అలారం. మార్కులు వేశాక అవి అటక మీదికి పోతాయి. ఈసారి మీ ఊళ్లో, మీ ఇంట్లో ఒక పెద్దాయన ఏ పని మానేశాడో కనుక్కోండి. నాగలో, మగ్గమో, సైకిలో. "ఎందుకు మానేశావు" అని కాకుండా "అందులో ఏ ఒక్క భాగం కష్టమైంది" అని అడగండి. చాలాసార్లు సమాధానం ఒక చక్రమో, ఒక పిన్నో అయ్యుంటుంది.

జూన్ రెండోవారంలో తాతా నేనూ పడవ దింపాం. పనికొచ్చేంత గాలి లేదు, తెరచాప సగమే నిండింది. గంటకి రెండు పీతలు దొరికాయి. ట్రాక్టర్ అద్దెతో పోలిస్తే శుద్ధ దండగ. తిరిగొచ్చాక మోకు నేను లాగబోతే చేయి అడ్డం పెట్టాడు. తనే లాగాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు, బీడీ వెలిగించుకున్నాడు, మళ్లీ లాగాడు. నేను ఊరికే నిలబడి చూశాను.

దసరాకి మళ్లీ మీటింగ్ ఉంది. కొనేవాడు ఒకడు ధర కూడా చెప్పాడట. ఈసారి నా ఓటు మారింది. మిగతా మూడు ఓట్లు ఇంకా మారలేదు. ఈ వ్యాసం మా ఫ్యామిలీ గ్రూపులో కూడా పెడుతున్నాను.