సంకల్పమొక్కటే చాలదు

అంగవైకల్యమును జయించి కళాకృషిచే కీర్తి గడించిన వారి కథలు విన్నపుడెల్ల, వారి సంకల్పబలమును వేనోళ్ల కొనియాడి, అంతటితో మన కర్తవ్యము తీరినదని తృప్తి చెందుట మనకు పరిపాటి. కాని ఐర్లండు రచయిత క్రిస్టీ బ్రౌన్ జీవితమును నిదానముగా పరిశీలించినచో, ఆ ప్రశంస సత్యములో సగభాగమే యని తేటపడును.

1932 లో డబ్లిన్ నగరమున ఒక తాపీమేస్త్రి ఇంట జన్మించిన ఈతనికి, సెరిబ్రల్ పాల్సీ కారణముగా చేతులు స్వాధీనములో లేవు, మాట స్పష్టముగా రాదు. ఎడమకాలు మాత్రమే చెప్పినట్లు వినెడిది. వీనికి బుద్ధియు మందమేయని వైద్యులు తేల్చినను, ఇంటెడు బిడ్డలతో తీరిక యెరుగని తల్లి బ్రిడ్జెట్ ఆ మాట నమ్మలేదు.

ఐదేండ్ల ప్రాయమున ఒకనాడు, సోదరి పలకమీద లెక్కలు చేయుచుండగా, ఆ బాలుడు ఎడమకాలి వ్రేళ్లతో ఆమె చేతిలోని పసుపుపచ్చని సుద్దముక్కను లాగుకొని గీతలు గీసెను. అది చూచిన తల్లి వానిచెంత మోకాళ్లపై కూర్చుండి, నేలమీద 'ఏ' అను ఆంగ్లాక్షరము వ్రాసి, అట్లే వ్రాయుమనెను. గీతలు వంకరపోయెను; అక్షరము సగములో నుండగా సుద్ద విరిగి తునక మిగిలెను; తల్లి చేయి భుజముపై నుండగా, ఆ తునకతోనే అక్షరము పూర్తి యయ్యెను.

పిదప చిత్రలేఖనము, ఆపై రచన. వైద్యుడును నాటకకర్తయు నైన రాబర్ట్ కాలిస్, జాలితో మెచ్చుకొనుటకు మారుగా, ఆతని తొలిప్రతిలోని శబ్దాడంబరమును నిర్మొగమాటముగా విమర్శించి తిరిగి వ్రాయించెను. ఆతడు చెప్పినది సోదరులు వ్రాసిపెట్టగా, 'మై లెఫ్ట్ ఫుట్' అను ఆత్మకథ 1954 లో వెలువడెను. కాలివ్రేలితో టైపు చేసిన 'డౌన్ ఆల్ ది డేస్' అను నవల 1970 లో ప్రచురితమై ఆతనిని సమర్థులైన నవలాకారుల సరసన నిలిపెను.

ఆతని పట్టుదల అసామాన్యమే, సందేహము లేదు. అయినను నమ్మిన తల్లియు, వ్రాసిపెట్టిన సోదరులును, సాటి రచయితగా ఎంచి దిద్దిన గురువును లేనిచో, ఆ పట్టుదల నాలుగు గోడల నడుమనే అణగిపోయి యుండెడిది. సంకల్పము వ్యక్తిది, సాధనము సమాజము సమకూర్పవలసినది.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, నిర్ణీత స్థాయి వైకల్యముగల బాలబాలికలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య పొందు హక్కు నిచ్చినది. ఆ హక్కు అక్షరములకే పరిమితము కాకుండవలెనన్న, బడిమెట్ల ప్రక్క వాలుదారి యుండవలెను. పరీక్షలో లేఖకుడు దొరకవలెను. అన్నిటికి మించి, మాట తడబడు బిడ్డకు ఆలోచన కలదని ఉపాధ్యాయుడు నమ్మవలెను. కావున తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, అట్టి బిడ్డను చూచి అయ్యో యని నిట్టూర్చి ఊరకుండకుడు. వాడు ఏ అవయవముతో వ్రాయగలడో కనుగొని, దానికి తగిన సాధనమును ముందు సమకూర్పుడు.