గురువు లఘువు కాబోయే ముందు



పద్యాలకూ వ్యాకరణానికీ పరిమితమైన ఈ పుటలో ఈసారి దేహాన్ని గురించి వ్రాస్తున్నాను. దారి తప్పినాడని అనుకోవద్దు. ఛందస్సులో గురువంటే బరువైన అక్షరం, లఘువంటే తేలికైనది. ముప్ఫైనాలుగేళ్ళ ఉద్యోగకాలంలో ఈ పాఠం చెప్పినప్పుడెల్లా పిల్లలు నా వంక చూసి ముసిముసిగా నవ్వుకొనేవారు. ఆ నవ్వులో ద్వేషం లేదు, నేనూ నవ్వేవాడిని. ఇప్పుడు నా వయస్సు 66. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 121 కిలోలు. పదిహేడేళ్ళుగా మధుమేహం. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా రాత్రంతా ముక్కుకు సీప్యాప్ యంత్రం తగిలించుకోవాలి. మోకాళ్ళు మేడమెట్లు ఎక్కనీయవు. మరో ఐదు వారాలలో నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అనగా జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టంలా చేసే శస్త్రచికిత్స, జరుగబోతున్నది.

గురువును లఘువు చేసే పని వైద్యులది. అందుకు సన్నద్ధుడను కావలసిన పని నాది. ఆ సన్నాహంలో వైద్యుడూ కుటుంబమూ ఇవ్వలేనిది ఒకటి ఉన్నదనీ, అది ఆ దారిన ముందు నడచిన తోటి రోగి వద్ద మాత్రమే దొరుకుతుందనీ, మన సమాజం దానిని దొరకకుండా దాచిపెడుతున్నదనీ నా అభిప్రాయం. ఈ టపా ఆ అభిప్రాయం కోసమే.

ముందుగా ఒక అపోహ. "ఈ వయస్సులో అందం కోసం పొట్ట కోయించుకోవడమేమిటి?" అని అడిగిన ఆప్తులున్నారు. ఇది అందానికి సంబంధించిన పని కాదు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ, శరీర ద్రవ్యరాశి సూచిక (బి.ఎమ్.ఐ.) 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ వ్యాధులున్నవారికి ఈ చికిత్సను సూచించవచ్చునన్నది. 2022లో రెండు అంతర్జాతీయ వైద్యసంఘాలు ఆ హద్దును తగ్గించి, అనుబంధ వ్యాధులతో నిమిత్తం లేకుండా 35 అన్నాయి, ఆసియావాసులకు 27.5 చాలునన్నాయి. నా సూచిక 44. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక సుదీర్ఘ పరిశోధన ఫలితం 2007లో వెలువడినది. శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో మరణాలు, అటువంటి స్థూలకాయంతోనే ఉండి మామూలు చికిత్స పొందినవారిలో కంటే తక్కువని అది తేల్చినది. మన దేశపు బీమా నియంత్రణ సంస్థ నియమాలు కూడ సూచిక 40 దాటినప్పుడు, లేదా 35 దాటి అదుపులేని మధుమేహం వంటి తీవ్రవ్యాధులున్నప్పుడు, మరికొన్ని షరతులతో దీనిని మినహాయింపుల నుండి తప్పించాయి. కనుక నిర్ణయం విషయంలో నాకు సందేహం లేదు. నా సందేహాలన్నీ ఆ తరువాత బ్రతకవలసిన బ్రతుకును గురించి.

మన సామెతలో "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు. ఈ 'చూడు'కు కంటితో పని లేదు. చేసినవాడికే తెలుస్తుందని దాని తాత్పర్యం. వైద్యుడు ఈ శస్త్రచికిత్సను వందలమార్లు చేసి ఉండవచ్చు. చేయించుకొని చూసినవాడు కాడు.

ఆసుపత్రివారిని నేను మూడుమార్లు ఒకే కోరిక కోరాను: "ఇది చేయించుకొన్నవారితో ఒక గంట మాట్లాడించండి." మూడుమార్లూ నా చేతికి రంగుల కరపత్రమే వచ్చినది. అందులో ఎడమవైపు లావుపాటి మనిషి, కుడివైపు సన్నటి మనిషి. ఆ రెండు బొమ్మల మధ్య గడచిన ఏడాదిన్నర కాలం గురించి ఒక్క వాక్యం లేదు. నాకు కావలసినదేమో ఆ ఏడాదిన్నరే.

చివరకు ఆ మనిషి నాకు మా ఊరి ఉద్యానవనంలో దొరికారు. నేను ఉదయపు నడకలో రెండుమార్లు ఆగి కూర్చోవడం గమనించి తానే వచ్చి పలకరించారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మాస్టారూ, ఐదేళ్ళ క్రితం నేను 138 కిలోలుండేవాడిని. ఆపరేషన్ చేయించుకొన్నాను" అన్నారు. ఆయన అనుమతితోనే ఈ మాటలు వ్రాస్తున్నాను. ఆనవాళ్ళు మాత్రం చెప్పను. ఆ రోజు మొదలు వారానికి రెండు ఉదయాలు నాకు ఆయన వద్ద పాఠం.

ఏమి చెప్పారని అడుగుతారేమో. చిన్న చిన్న సంగతులే. "మొదటి రెండు రోజులూ నొప్పి పొట్టలో కంటే భుజంలో ఎక్కువ మాస్టారూ. గుండెపోటేమోనని హడలిపోయాను" అన్నారు. వైద్యుణ్ణి అడిగితే నిజమేనన్నారు. లాపరోస్కోపీలో పొట్టను ఉబ్బించటానికి వాయువు నింపుతారట; మిగిలిన వాయువు ఉదరవితానాన్ని ఒరుసుకొంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. ఎవరూ ముందు చెప్పకపోతే నా వంటి మధుమేహరోగి ఆ రాత్రి భయంతోనే సగమయ్యేవాడు.

శస్త్రచికిత్సకు ముందు రెండు వారాలు ద్రవాహారం తీసుకోవాలి. జీర్ణకోశం మీద కప్పుకొని ఉండే కాలేయం కొవ్వు తగ్గి చిన్నదైతే పని సులువవుతుందని వైద్యులు కారణం చెప్పారు. "మొదటి మూడు రోజులే కష్టం. ఆ మూడు రోజులు పోపు వాసన రాని గదిలో కూర్చోండి" అని ఈయన ఉపాయం చెప్పారు. ఆహారపట్టికలో తెలియని ఆకుకూరల సూపుల పేర్లు చూసి మా ఇంటి ఇల్లాలు బెంబేలెత్తినది. ఆయన వాటి స్థానంలో పెసరకట్టు, వెన్న తీసిన పల్చటి మజ్జిగ వ్రాసి ఇచ్చి, "ఆహారనిపుణురాలికి చూపించి, ఆవిడ సరేనన్న తరువాతే తీసుకోండి" అన్నారు. ఆవిడ సరేనన్నారు. ఆ పట్టిక మా వంటింటికి అప్పుడు అర్థమైనది.

భోజనం మధ్య మంచినీళ్ళు త్రాగరాదు, అరగంట ఆగాలి. చెంబు ప్రక్కన పెట్టుకొని విస్తరి ముందు కూర్చొనే మనకు ఇది చిన్న నియమం కాదు. మూడు నుండి ఆరు నెలల మధ్య జుట్టు రాలవచ్చు. చాలామందికి తిరిగి వస్తుంది. విటమిన్ బి12, ఇనుము, క్యాల్షియం, విటమిన్ డి మాత్రలూ, రక్తపరీక్షలూ జీవితాంతం తప్పవు. ఇవన్నీ వైద్యులూ చెప్పారు. పెళ్ళివిందులో "మా ఇంటి భోజనం నచ్చలేదా?" అని కన్యాదాత నొచ్చుకొంటే ఏమి చేయాలో మాత్రం ఏ వైద్యుడూ చెప్పలేదు. "వడ్డన మొదలు కాకముందే వెళ్ళి చెప్పండి, డాక్టరు గుప్పెడే తినమన్నాడని. ముందు చెబితే మర్యాద, తరువాత చెబితే అవమానం" అన్నారాయన.

అన్నిటికంటె విలువైన మాట మరొకటి. "పదో రోజున ఎందుకు చేయించుకొన్నానా అని తలుపు వేసుకొని ఏడ్చాను మాస్టారూ. మీకూ అటువంటి రోజు రావచ్చు. వస్తే అది మీ ఓటమి అనుకోకండి. అటువంటి రోజు పోతుంది కూడా." నా భార్య నన్ను ప్రేమించగలదు, నా కుమారుడు ధైర్యం చెప్పగలడు. ఈ వాక్యాన్ని వారు చెప్పలేరు. చెప్పినా నేను నమ్మను. అది అనుభవించిన నోట రావాలి.

తరగతిగదిలో దీనికి సాక్ష్యం నాకు ఏనాడో దొరికినది. గుణసంధిని నేను ఎన్ని ఉదాహరణలతో చెప్పినా తలకెక్కని పిల్లవాడికి ప్రక్క బల్ల పిల్లవాడు రెండు మాటలలో చెప్పేవాడు. వాడికి నాకంటె వ్యాకరణం ఎక్కువ తెలిసి కాదు. నిన్ననే తాను ఎక్కడ తడబడినాడో వాడికి జ్ఞాపకమున్నది; నేను తడబడిన రోజు నలభై ఏళ్ళ వెనుక మరుగున పడినది. సహాధ్యాయి అన్న మాటకు మన భాషలో ఉన్న గౌరవం ఊరికే వచ్చినది కాదు.

వైద్యలోకంలో ఇది క్రొత్త సంగతీ కాదు. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆమెకు రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాత ఎలా బ్రతకాలో చెప్పేవారు లేక, తానే ఇతర రోగుల మంచాల ప్రక్కకు వెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టినది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా స్వీకరించినది. స్థూలకాయ శస్త్రచికిత్సలు చేసే కేంద్రాలు గుర్తింపు పొందాలంటే రోగుల సహాయకబృందాలను నిర్వహించాలన్నది నేడు అమెరికాలో నియమం. అక్కడ నియమమైనది ఇక్కడ ఉద్యానవనంలో గుసగుసగా ఎందుకు మిగిలినది?

కారణం మన నోళ్ళే. గుండెకు శస్త్రచికిత్స జరిగితే పరామర్శకు పండ్లు పట్టుకొని వస్తాము. పొట్టకు జరిగితే "నోరు కట్టుకోలేక కోయించుకొన్నాడు" అంటాము. పెళ్ళికాని ఆడపిల్లకు జరిగితే తల్లిదండ్రులు పిత్తాశయంలో రాళ్ళు తీయించామని చెబుతారు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఆ అమ్మాయి అత్తవారింట విటమిన్ మాత్రలను సైతం దాచుకొని మింగుతున్నది. చేయించుకొన్నవారు దాక్కొంటే చేయించుకోబోయేవారు ఒంటరులవుతారు. వారు కోలుకొని మళ్ళీ దాక్కొంటారు. ఒక తరం నేర్చినది మరొక తరానికి అందని విద్య ఎంత ఉన్నా లేనట్లే.

మరొక మాట కూడ చెప్పాలి. గెలిచినవారి మాటలు మాత్రమే వింటే చాలదు. మా ఉద్యానవనపు మిత్రుని ద్వారా ఒక గృహిణితో ఫోనులో మాట్లాడాను. ఆమె నలభై కిలోలు తగ్గి, మూడవ ఏటి నుండి పద్దెనిమిది కిలోలు తిరిగి పెరిగినారు. "అన్నం ఎక్కువ పట్టదు మాస్టారుగారూ. కాని టీలో ముంచిన బిస్కట్లూ, ఐస్‌క్రీమూ జారిపోతాయి. వాటిని ఆ చిన్న కడుపు కూడా ఆపదు" అన్నారు. బరువు పెరిగిన సిగ్గుతో డాక్టరు వద్దకు వెళ్ళడం మానివేశారట. అదే తనకు ఎక్కువ చెరుపు చేసిందన్నారు. కరపత్రంలో ఆమె చిత్రం ఎన్నటికీ రాదు. కాని నా సన్నాహంలో ఆమె పాఠం లేకపోతే పెద్ద లోటు ఉండేది. ఆకలిని కత్తి కొంత తగ్గించగలదు, అలవాటును తగ్గించలేదని ఆమె వల్ల గ్రహించాను.

దీనికి హద్దు లేదని కాదు. తోటి రోగి వైద్యుడు కాడు. ఆయనది బైపాస్, నాది స్లీవ్; ఆయన దేహం వేరు, నా దేహం వేరు. ఆయన ఇన్సులిన్ ఎప్పుడు మానినారో తెలిసికొంటాను గాని, నాది ఎప్పుడు మానాలో ఆయనను అడగను. శస్త్రచికిత్స తరువాత జ్వరం వచ్చినా, గుండె దడదడలాడినా, ఊపిరి అందకపోయినా ఫోను చేయవలసినది ఆసుపత్రికి. ఈ హద్దును నాకు ముందుగా చెప్పినవారూ ఆయనే. మంచి సహాధ్యాయి లక్షణం అదే.

ఆసుపత్రులవారికి నా విన్నపం చిన్నది. శస్త్రచికిత్సకు ముందు ప్రతి రోగినీ, ఇష్టపడి ముందుకు వచ్చిన ఇద్దరితో మాట్లాడించండి: ఒకరు ఆరు నెలలు దాటినవారు, మరొకరు ఐదేళ్ళు దాటినవారు. వారిలో బరువు తిరిగి పెరిగినవారూ ఉండనివ్వండి. ఆ మాటలు తెలుగులో జరగనివ్వండి. వారికి డబ్బు ఇవ్వవద్దు. ఇస్తే అది ప్రకటన అవుతుంది. ఇందుకు కావలసినది ఒక గది, నాలుగు కుర్చీలు, నెలకొక సాయంత్రం. లక్షల రూపాయల చికిత్సలో ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

చేయించుకొన్నవారికి నా విన్నపం ఇంకా చిన్నది. ఊరందరికీ చాటనక్కరలేదు. మీ వీధిలో ఒకరు మెట్ల దగ్గర ఆగి ఆయాసపడుతుంటే, అడిగితే చెప్పండి. అన్నదానం, విద్యాదానం అని దానాలను లెక్కించే మనం, అనుభవాన్ని కూడ ఆ వరుసలో చేర్చవచ్చు. ఇచ్చినకొద్దీ తరగనిది అది.

నా సంగతి నేను దాచదలచుకోలేదు. బంధువులకు చెప్పాను, పాత సహోద్యోగులకు చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. దాచితే నాకు కొంత మర్యాద మిగలవచ్చు. చెబితే మరొకరికి కొంత భయం తగ్గవచ్చు. ఉపాధ్యాయుడిగా బ్రతికినవాడికి ఈ రెంటిలో ఏది ఎక్కువో ఆలోచించవలసిన పని లేదు. మీలో గాని, మీవారిలో గాని ఎవరైనా ఈ దారిలో ఉంటే నిస్సంకోచంగా నన్ను పలకరించండి. ప్రస్తుతం నేను ప్రక్క బల్ల విద్యార్థిని మాత్రమే. ఆరు నెలల తరువాత మరి నాలుగు సంగతులు చెప్పగలను.

సెలవు.