మలపరీక్షకు సిగ్గెందుకు?

డయాలసిస్ చేయించుకొనేవారు రక్తపరీక్ష అనగానే మారుమాట లేకుండా చెయ్యి చాపుతారు. మలపరీక్ష అంటే మాత్రం తల దించుకొంటారు. వెంట వచ్చిన కొడుకో కోడలో ఆ డబ్బీ పట్టుకొని ల్యాబు ముందు నిలబడడానికి ఇంకా సిగ్గుపడతారు. ఏళ్ళ తరబడి వార్డులలో తిరుగుతున్న మా నర్సులకు ఈ సిగ్గు బాగా తెలుసు. దానివల్ల జరిగే నష్టమూ తెలుసు.

మూత్రపిండాలు పాడైనవారికి ఆకలి ఉండదు. వికారం, నీరసం, రక్తం తక్కువ. కడుపులో పురుగులున్నా ఇవే లక్షణాలు. కనుక ఏం వచ్చినా "కిడ్నీ వల్లనే" అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకొంటారు. జగిత్యాల వరి మళ్ళలో, ఆదిలాబాదు పత్తి చేలలో చెప్పులు లేకుండా పని చేసినవారికి కొంకి పురుగు పాదాల చర్మం గుండానే లోపలికి పోతుంది. పేగు గోడను కరచుకొని రక్తం తాగుతుంది. రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ సూదులు వేయించుకొంటూనే ఉంటారు, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లు హిమోగ్లోబిన్ మాత్రం పెరగదు.

"మిషన్ నుంచి పురుగులు వచ్చాయా సిస్టరమ్మా?" అని కొందరు అడుగుతారు. రాలేదు. అవి నీటి నుంచి, మట్టి నుంచి, కడగని కూరల నుంచి వస్తాయి. మూత్రపిండాలు చెడినప్పుడు రోగ నిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి సులభంగా నిలదొక్కుకొంటాయి. బ్రెజిల్, టర్కీ, ఇరాన్ దేశాలలో డయాలసిస్ రోగులకు మలపరీక్షలు చేసి చూసినప్పుడు ఇవి బయటపడ్డాయి. వాటిలో క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనిపించని జీవి ఒకటి. అది క్లోరిన్‌కు చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, శుద్ధి చేసి పంపిన కుళాయి నీటి ద్వారానే సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకొన్నాయి. మన ఇంటికి మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నా, డయాలసిస్ వారికి కాచి ఇవ్వమని మేము చెప్పేది ఇందుకే. తెర్లిన తరువాత ఒక్క నిమిషం ఉంచితే చాలు. వారు రోజంతా తాగేదే కొద్ది నీళ్ళు, ఆ కాసిన్ని కాచడానికి కట్టెలకు, గ్యాసుకు ఏమంత ఖర్చు?

విరేచనాలైతే ఓఆర్ఎస్ కలుపుకోమని ఊరూరా చెప్పినవాళ్ళం మేమే. డయాలసిస్ వారు మాత్రం అడగకుండా తాగకూడదు. అందులో పొటాషియం ఉంటుంది, కొబ్బరి నీళ్ళలో ఇంకా ఎక్కువ. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. విరేచనాలైన సంగతి మిషన్ మీద పడుకోకముందే చెప్పండి. లేకపోతే ఎప్పటిలాగే నీరు తీస్తారు, బి.పి. పడిపోతుంది. పసరు మందుల జోలికి అసలు పోవద్దు.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడిలో, అంగన్‌వాడీలో పంచే ఆల్బెండజోల్ 19 ఏళ్ళ లోపువారికి. పెద్దలను ఎవరు అడుగుతున్నారు? గొర్రెలకు నట్టల మందు తాగించడం మన పల్లెల్లో ఎవరూ మరచిపోరు కదా! అట్లని ఇంట్లో పిల్లల గోలీ ఒకటి మింగేస్తే సరిపోదు. అమీబాకు మందు వేరు. ఏ పురుగో తెలిసిన తరువాతే మందు. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు తీసే రక్తపరీక్షలతో పాటు మలపరీక్ష కూడా తప్పనిసరి చేయాలని మా గట్టి అభిప్రాయం. కిడ్నీ మార్పిడికి సిద్ధమయ్యేవారికైతే మరీ అవసరం. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు ఏ బాధా పెట్టకుండా దశాబ్దాల పాటు పేగులో ఉండగలదు. మార్పిడి తరువాత స్టెరాయిడ్లు మొదలవగానే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక్కసారి పరీక్షలో పురుగు దొరకకపోవచ్చు, మూడు వేరువేరు రోజులు ఇవ్వాలి. మూత్రం, నీళ్ళు కలవకుండా, పొడి డబ్బీలో, బఠాణీ గింజంత చాలు. డయాలసిస్‌కు వచ్చే రోజు పొద్దున్నే తెచ్చి సిస్టర్ చేతికి ఇవ్వండి, ల్యాబుకు మేమే పంపుతాము.