సూది ఆగు దారి యేది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో జ్వరపీడితుడు తరచుగా మొదట చేరునది ఆరెంపీ వైద్యుని గుమ్మము. ఆతనికి పట్టము లేదు, రిజిస్టరులో పేరు లేదు. కాని అర్ధరాత్రి పిలిచినను పలుకును. ఆతని సూది వికటించిన దినముననే చట్టము మేల్కొనును.

చట్టము లేకపోలేదు. 1956 నాటి మెడికల్ కౌన్సిల్ శాసనము క్రింద ఇట్టివారికి ఏడాది వరకు ఖైదు, వేయి రూపాయల వరకు జుల్మానా యుండెడివి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ శాసనము ఖైదును అట్లే యుంచి, జుల్మానాను 5 లక్షల వరకు పెంచినది. కాని అధికారము పొందిన ఉద్యోగి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను, సాక్ష్యము నిలువవలెను. ఈలోపల సూది ఆగదు.

అట్లయిన సివిలు కోర్టు ఇంజంక్షనుతో మాన్పింపరాదా యని కొందరందురు. అమెరికాలో పెక్కు రాష్ట్రముల లైసెన్సు బోర్డులు ఈ మార్గమునే త్రొక్కుచున్నవి. మనకు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ శాసనములోని 4వ సెక్షను అడ్డు. పౌరుల వ్యక్తిగత హక్కులను కాపాడుటకే గాని, కేవలము శిక్షాశాసనమును అమలుపరచుటకు ఈ ఉపశమనము ఈయరాదని దాని తాత్పర్యము. 1877 నాటి శాసనమునందును ఇట్టి నిషేధమే కలదు. ఇది నిర్హేతుకము కాదు. ఇంజంక్షనును ధిక్కరించినవానిని సివిలు కోర్టు మూడు నెలల వరకు చెరయందుంచగలదు. నేరవిచారణలో ముద్దాయికిగల రక్షణలన్నియు అచ్చట లభింపవు. దొడ్డిదారిని శిక్ష తెచ్చుట ప్రమాదకరము.

అట్లని ప్రాణము పోయినదాక వేచియుండుటయు ధర్మము కాదు. వృత్తి స్వేచ్ఛనిచ్చిన రాజ్యాంగపు 19వ అధికరణమే అర్హతలు విధించు అధికారమును ప్రభుత్వమునకిచ్చినది. కావున శాసనసభయే స్పష్టముగా ఒక మార్గమేర్పరచవలెను. ఇంజంక్షను కోరు హక్కు వైద్యమండలికే యుండవలెను గాని, పోటీ వ్యాపారికి ఉండరాదు. సెలైను, స్టెరాయిడు, శస్త్రము వంటి ప్రాణాంతక కార్యములను పేర్కొని నిషేధింపవలెను; ప్రథమచికిత్సను ముట్టరాదు. ప్రతివాది వాదమును వినక శాశ్వతాజ్ఞ వెలువడరాదు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లోనే క్షయవైద్యశాల వెలసినది. కుప్పమున నేడు వైద్యకళాశాల యున్నది. అయినను పల్లెకు రాత్రివేళ దిక్కు ఆరెంపీయే. ఆతనిని మాన్పింపగోరు ప్రభుత్వము ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రాత్రియు వైద్యుని నిలుపవలెను. లేనిచో కోర్టు ఆజ్ఞ రోగికి ఉన్న గుమ్మమును మూయించును గాని, మరియొకటి తెరవజాలదు.