దుర్భిణి మా చేతికీ ఇవ్వండి

పోయిన కార్తీక మాసం ముగిసిన వారంలో మా హాస్టల్ నుంచి ఇరవై మందిమి తలకోనకు వలంటీర్లుగా వెళ్ళాము. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. 1989లో ప్రకటించిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 270 అడుగుల జలపాతం సంగతి అందరికీ తెలుసు. దాని చుట్టుపక్కల ఏముంటుందో గోతం పట్టుకున్నవాళ్ళకే తెలుసు.

వనభోజనాల ప్లేట్లు, బిర్యానీ పొట్లాలు, నీళ్ళ సీసాలు, పగిలిన బీరు సీసాలు. తిండి వాసనకు జింక కవరును కూడా మింగుతుంది. అది కడుపులో అరగదు. అందుకే ఏరే పని చిన్నదని మేము అనడం లేదు. చేతి తొడుగులు అందరికీ సరిపోక మాలో ఇద్దరికి గాజుపెంకులు గుచ్చుకున్నాయి. అదీ పెద్ద విషయం కాదు.

మా బాధ వేరు. మమ్మల్ని తీసుకెళ్ళిన సంస్థవారు పట్నం కాలేజీ విద్యార్థులను కూడా తెచ్చారు. వారికి దుర్భిణులు, నోటు పుస్తకాలు ఇచ్చి పక్షులను లెక్కపెట్టడానికి పంపారు. మాకు గోతాలు ఇచ్చారు. ఎందుకని అడిగితే "మీకు అలవాటేగా" అన్నారు ఒకాయన నవ్వుతూ. ఆయన చెడ్డవారేమీ కాదు, మధ్యాహ్నం దగ్గరుండి మాకు వడ్డించారు. అయినా ఆ అన్నం మాకు గొంతు దిగలేదు. ఇతరులు పారేసింది ఎత్తే పని మా ఇళ్ళలో తాతల నాటి నుంచి ఉన్నదే. దాన్నుంచి బయటపడతామనే మా అమ్మానాన్నలు మమ్మల్ని ఈ హాస్టల్లో చేర్చారు.

పోనీ, అడవి గురించి మాకేమీ తెలియదా? మాలో శేషాచలం అంచు పల్లెల పిల్లలు ఉన్నారు. గిల్లతీగను చూపించి, దాని కాయ మూర కంటే పొడవు పెరుగుతుందని అందరికీ చెప్పింది మా తొమ్మిదో తరగతి తమ్ముడే. దేవాంగపిల్లి పగలు నిద్రపోతుందని, రాత్రే వెతకాలని చెప్పిందీ వాడే. ఎర్రచందనం చెట్టును ఆకు చూసి గుర్తుపట్టేవాళ్ళు ముగ్గురున్నారు. అది తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదని మాత్రం మాకు తెలియదు, అక్కడి గార్డు అన్న చెప్పారు. ఇలాంటివి నేర్చుకోవడానికే కదా మేము వెళ్ళింది!

నాలుగేళ్ళకోసారి దేశమంతా జరిగే పులుల గణనలో చాలాచోట్ల వలంటీర్లను తీసుకుంటారు. అలాంటి పిలుపు మా నోటీసు బోర్డు దాకా ఒక్కసారీ రాలేదు. ఏరివేతకు మాత్రం మా చిరునామా అందరికీ తెలుసు.

పొద్దున అందరూ గోతాలు పట్టాలి, ఆ తర్వాత అందరూ దుర్భిణులు పట్టాలి. ఈ మాటే రాసి, వార్డెన్ గారి సంతకంతో ఆ సంస్థకు పంపాము. ఈ ఏడాది పిలిస్తే మళ్ళీ వెళ్తాము. చేతి తొడుగులు ఇరవై జతలు కావాలని కూడా అందులో రాశాము.