మొలకెత్తవలసిన విత్తు

1980లో అమెరికాలో వెలువడిన ‘మారో ప్రాజెక్ట్’ అను ఆటలో, అణుయుద్ధమునకు ముందు అతిశీతల పేటికలలో నిద్రించిన ఒక దళము 150 ఏండ్లకు మేల్కొని, శిథిలమైన లోకమును బాగుచేయ బూనును. మనుష్యుని అట్లు ఘనీభవింపజేసి మరల బ్రదికించు విద్య నేటికిని లేదు. విత్తనములయందు మాత్రము అది నిజమైనది.

హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, రాగి మున్నగువాని విత్తులను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో భద్రపరచుచున్నది. నార్వే దేశపు స్వాల్బార్డులో 2008లో ప్రపంచ విత్తన భాండారము వెలసినది. సిరియా యుద్ధమువలన అలెప్పోలోని విత్తననిధి అందరానిదైనపుడు, శాస్త్రజ్ఞులు 2015లో స్వాల్బార్డునుండి తమ విత్తులను తీసికొని లెబనాను, మొరాకో దేశములలో పండించి, 2017లో క్రొత్త విత్తులను మరల అచ్చట దాచిరి.

చలి విత్తును కాపాడునే కాని పంటను పండింపదు. దాచిన విత్తునకు సైతము ఏండ్లు గడచినకొలది మొలకశక్తి తగ్గును. నడుమనడుమ నేలలో విత్తక తప్పదు. అదియును గాక, ఏ కార్తెలో రాగి విత్తవలెనో తెలిసిన రైతు నేర్పు ఏ పేటికలోను నిలువదు. అది మాటలో నుండును. తొండేభావిలో మన యిండ్లలో ఆ మాట తెలుగు.

తలిదండ్రులారా, బిడ్డలు కన్నడమును చక్కగ నేర్వవలసినదే. కాని గ్రంథాలయమున దాచిన తెలుగు నిద్రించు విత్తనమే. ఇంట పలికినపుడే అది మొలకెత్తును.